పదమూడు ఘడియల ప్రయాణం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇది చదివి, "చూశారా, చివరికి మీరే ఒప్పుకున్నారు" అనబోయేవారికి ముందే చెబుతున్నాను: ఇప్పటికీ ఒప్పుకోను.

మా ఇంట మూడు తరాలుగా పంచాంగ గణితం ఉన్నది. అందువల్ల నేను శకునాలకూ జాతకాలకూ తలవంచే మనిషినని చాలామంది అనుకుంటారు. మా నాన్నగారు నాకు నేర్పినది గణితం. ఫలం చెప్పడం ఆయన నేర్పలేదు, నేను అడగనూ లేదు. గ్రహణం ఎన్ని గంటలకు పడుతుందో చెబుతాను. దానివల్ల ఎవరికి ఏమి కీడు అని అడిగితే, నాకు తెలియదని చెప్పి కాఫీ ఇచ్చి పంపేస్తాను.

కళాశాలలో ముప్పైరెండేళ్ళు తెలుగూ సంస్కృతమూ చెప్పి, పదవీ విరమణ చేసి, యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. కంప్యూటర్ చదువుల వెర్రి అమీర్‌పేటను ముంచెత్తిన రోజులవి. ప్రతి భవనం మీదా, ప్రతి మెట్ల మలుపులోనూ శిక్షణ తరగతుల ప్రకటనలే. మా పంచాంగాన్ని అచ్చుకు కూర్పించడానికి అక్కడొక డీటీపీ దుకాణానికి వెళ్ళేవాణ్ణి. దానిపై అంతస్తులో ఒక చిన్న సంస్థ ఉండేది. ప్రపంచంలోని ఏ రెండు విమానాశ్రయాల పేర్లిచ్చినా వాటి మధ్య దూరమెంతో, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో చూపే వెబ్‌సైటును వారు ఒక విదేశీ ఖాతాదారుకోసం తయారుచేస్తున్నారు.

ఆ ఖాతాదారు ఒక షరతు పెట్టాడు. యంత్రం చెప్పిన దూరాల్లో కొన్నింటిని యంత్రంతో పనిలేకుండా, చేత్తో లెక్కగట్టి సరిచూడాలి. ప్రతి కాగితం మీదా తేదీ, వేళ వేసి రెండో మనిషి సంతకం చేయాలి. అటువంటి మనిషి ఎక్కడ దొరుకుతాడా అని వెదుకుతున్న మేనేజరు వెంకట్, డీటీపీ దుకాణంలో నేను సూర్యోదయాలు లెక్కగట్టుకుంటూ ఉండగా చూశాడు. తెనాలివైపు కుర్రవాడు. నోరు కాస్త పెద్దదే గాని మనిషి మంచివాడు. మర్నాటినుంచి నేను ఆ సంస్థలో ఉద్యోగిని.

మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. మా సంప్రదాయంలో రేఖాంశాలను ఉజ్జయినినుంచి లెక్కిస్తాము. లోకమంతా గ్రీనిచ్‌నుంచి లెక్కిస్తుంది. ఒక ఊరికి ఒక విధంగానూ, మరో ఊరికి మరో విధంగానూ వేసి, ఒక విమానాన్ని సముద్రం మధ్యలో దింపాను. వెంకట్ ఆ సంగతి అంతస్తంతా చాటాడు. ఆనాటినుంచి నేను ఏ కాగితం ఇచ్చినా, "ఏంటి మాస్టారూ, మళ్ళీ ఉజ్జయిని వెళ్ళొచ్చారా?" అని అడిగి గాని సంతకం పెట్టేవాడు కాదు. ఆ తప్పు మళ్ళీ చేయలేదు. ఆరు నెలల్లో వందల జంటలు సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు. ఈ మాట గొప్పకోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినదానికి ఇది అవసరం.

అక్కడ రూతు అనే అమ్మాయి విమానాశ్రయాల జాబితా ఎక్కించే పని చేసేది. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం. ఆమె భర్త సామ్యూల్ వాహనాల మెకానిక్కు. అంతకు ముందటి ఏడాది అంటార్కిటికాలో మనవారి పరిశోధనా కేంద్రానికి ఒక సంవత్సరం ఒప్పందం మీద వెళ్ళాడు. మంచుమీద నడిచే బండ్లను బాగుచేయడం అతని పని. గడువు ముగిసి తిరిగి వస్తున్నాడు. ఆ వచ్చే దారిలో, మంచుమీద చదునుచేసిన ఒక విమానాశ్రయంనుంచి మరో విమానాశ్రయానికి చిన్న విమానంలో పోవాలి. మధ్యలో ఊరు లేదు, చెట్టు లేదు, దీపం లేదు. ఆ కాలంలో అక్కడ సూర్యుడు అస్తమించడు. సూర్యోదయమే లేని చోట నాటి తిథిని ఎలా నిర్ణయించాలో తెలియక నేను ఆ ప్రదేశాన్ని మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను.

రూతు ఆ రెండు చోట్లనూ మా జాబితాలో తానే చేర్చింది. సామ్యూల్ పంపిన అక్షాంశ రేఖాంశాలు వేసి చూసుకుంది. దూరం పద్నాలుగు వందల నలభై కిలోమీటర్లు. ఆ విమానం వేగం గంటకు నాలుగు వందలు. అంటే మూడు గంటల ముప్పైయారు నిమిషాలు. ఘడియకు ఇరవైనాలుగు నిమిషాల చొప్పున మా లెక్కలో సరిగ్గా తొమ్మిది ఘడియలు.

ఆ ప్రయాణం గురువారంనాడు. బుధవారం సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మిషన్ చెప్పింది గానీ, జర మీ చేతితోని సుత చేసి చూడరాదుండ్రి? మీరు చెప్తే నాకు ఫికర్ తగ్గుతది."

"రేపు పొద్దున్నే చేస్తానమ్మా" అన్నాను.

"రేపు నేను రాను. వదినకు ఆపరేషన్."

వదిన అంటే సామ్యూల్ అక్క, ఎస్తేరమ్మ. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. ఒక బడిలో నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన పంతులమ్మ. పెళ్ళి చేసుకోలేదు. గుండె కవాటం చెడిపోయి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఉన్నది. శస్త్రచికిత్స గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ వైద్యుడు ఆ ఆసుపత్రికి వారానికి ఒక్కరోజే వచ్చేవాడు. ఆవిడ గుండె మరో వారం ఆగుతుందని తాను చెప్పలేనన్నాడు. ఆవిడేమో ఒకటే పట్టు: "వాడు విమానం దిగిండని తెల్వకుంట నేను కండ్లు మూసుకోను. మత్తుమందు ఇచ్చినంక మళ్ళ తెరుస్తనో లేదో. దిగిండని చెప్పుండ్రి, అప్పుడు తీస్కపోండ్రి."

విమానం మన కాలమానంలో ఉదయం తొమ్మిదికి బయలుదేరుతుంది. పన్నెండూ ముప్పైయారుకు దిగుతుంది. ఒంటిగంటకు ఆపరేషన్. కాలం సరిపోతుందని అందరమూ అనుకున్నాము. వెంకట్ తన సెల్‌ఫోను రూతుకు ఇచ్చి పంపాడు. ఆ రోజుల్లో ఆ అంతస్తులో సెల్‌ఫోను ఉన్నవాడు అతనొక్కడే.

గురువారం ఉదయం నేను లెక్క వేశాను. మా పద్ధతిలో మొదట సగం దూరం తేలుతుంది. దానిని రెట్టింపు చేస్తే పూర్తి దూరం. సగం వెయ్యిన్నీ నలభై కిలోమీటర్లు వచ్చింది. రెట్టింపు, రెండువేల ఎనభై. కాలం ఐదు గంటల పన్నెండు నిమిషాలు. పదమూడు ఘడియలు.

యంత్రం చెప్పినదానికీ దీనికీ ఎంత తేడా! మొదటినుంచి చివరిదాకా మరోసారి చదివాను. ప్రతి పంక్తీ సరిగానే కనబడింది. కాగితం వెంకట్ ముందు పెట్టాను.

అతను చూసి పకపకా నవ్వాడు. "మాస్టారూ, పాపం రూతు మొగుణ్ణి కూడా ఉజ్జయిని తీసుకెళ్తున్నారా?"

"ఉజ్జయిని ఇందులో లేదు. కావలిస్తే రేఖాంశాలు చూసుకో."

"చూశా. అవి సరిగానే ఉన్నాయి. మరి రెండువేలు ఎక్కణ్ణించి వచ్చింది?"

"వచ్చింది. నేను వేసిన లెక్క అది. నువ్వు సంతకం పెట్టు. తప్పయితే తప్పని రాసి పెట్టు."

పౌరుషంకొద్దీ అన్న మాట అది. అతను సంతకం చేసి, పక్కన ప్రశ్నార్థకం గీసి, వేళ వేశాడు: పది గంటల పది నిమిషాలు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. ఆ వేళను పాఠకులు గుర్తుంచుకోవాలి.

పంతం వేరు, గణితం వేరు. పదకొండు దాటాక తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని కొత్త కాగితం మీద మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి సగం ఏడు వందల ఇరవై వచ్చింది. పూర్తి దూరం పద్నాలుగు వందల నలభై. యంత్రం చెప్పినదే. మూడోసారి వేశాను. మళ్ళీ అదే. నా మొదటి కాగితం తప్పు. సందేహం లేదు. వెంకట్ భోజనానికి దిగాడు. వచ్చాక ఒప్పుకుందామని రెండో కాగితాన్ని కుడి జేబులో పెట్టుకున్నాను. మొదటిది ఎడమ జేబులో ఉన్నది.

పన్నెండూ నలభైకి ఆఫీసు ఫోను మోగింది. అప్పుడే పైకి వచ్చిన వెంకట్ ఎత్తాడు. పరిశోధనా కేంద్రం వ్యవహారాలు చూసే కార్యాలయంనుంచి ఒక అధికారి. విమానం గమ్యం చేరలేదు. రేడియోలో గంటనుంచి పిలుస్తున్నా జవాబు లేదు. ఇంతకుమించి ఏమీ చెప్పలేమన్నారు. వెంకట్ రూతు దగ్గరున్న సెల్‌ఫోను నంబరు ఆ అధికారికి ఇచ్చి, ఏది తెలిసినా దానికే చేయమని చెప్పి, రిసీవరు పెట్టేశాడు.

"మాస్టారూ, ఈ మాట ఫోన్లో చెప్పడం నావల్ల కాదు. మీరు పెద్దవారు. మీరు వెళ్ళండి."

ఆటో ఎక్కాను. పంజాగుట్ట కూడలిలో ట్రాఫిక్ ఆగిపోతే దిగి నడిచాను. దారిపొడుగునా నేను చెప్పబోయే వాక్యాన్ని సరిచేసుకుంటూనే ఉన్నాను. విమానం చేరలేదు, ధైర్యంగా ఉండు. అంతే. మరొక మాట నా మనసులో లేదు. దీనికి నేను ప్రమాణం చేస్తాను.

ఆసుపత్రి రెండో అంతస్తులో, వార్డు బయటి నడవాలో రూతు నిలబడి ఉన్నది. సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు. గోడ పక్కన నేలమీద కూర్చుంది. అదే సమయానికి నర్సు వచ్చి, "పేషెంటును తీసుకెళ్ళాలమ్మా, డాక్టరుగారు రెడీ" అన్నది.

"దిగిండని చెప్పేస్త మాస్టారూ" అన్నది రూతు, నావైపు చూడకుండా. "ఇంకేం చేయాలె? చెప్పకుంటె వదిన రాదు. రాకుంటె వదిన సుత పోతది. చెప్తె... రేపు లేచి ఆయనేడి అంటె నేనేం మొగం పెట్టుకోని..."

తర్వాత తలెత్తి అడిగింది. "అవును మాస్టారూ, పొద్దుగాల లెక్క చేస్తనన్నరు గద. మీకెంత వచ్చింది?"

నా కుడి జేబులో ఒప్పు ఉన్నది. ఎడమ జేబులో తప్పు ఉన్నది. ఏది ఏదో నాకు స్పష్టంగా తెలుసు.

"ఐదు గంటల పన్నెండు నిమిషాలు" అన్నాను. "రెండూ పన్నెండుకు దిగుతాడు. అబద్ధమాడకు. ఆగు."

ఆ గొంతు నాదే. తడబాటు లేదు. ఎవరో నా నోట పలికించారని చెబితే ఈ కథకు అందం వస్తుందేమో, అలా జరగలేదు. నేనే అన్నాను. నా నాలుకతో, నా స్పృహలో అన్నాను. తప్పని రుజువైన అంకెను, రుజువు చేసిన గంటలోపే, నా జీవితంలో మొదటిసారి నిజమని చెప్పాను.

జాలివల్ల అన్నారని మా తమ్ముడు అంటాడు. నేను అంకెల దగ్గర జాలిపడే మనిషిని కాను. అర మార్కు కోసం కంటతడి పెట్టుకున్న విద్యార్థులకు అర మార్కు ఇవ్వలేదు. పైగా ఇందులో జాలి ఎక్కడున్నది? రూతు అబద్ధమాడి ఉంటే ఒంటిగంటకే శస్త్రచికిత్స మొదలయ్యేది. నా మాటవల్ల గంటన్నర ఆగింది. ఆ గంటన్నరలో ఆవిడకు ఏమైనా అయి ఉంటే ఆ పాపం నాది.

వైద్యుడు విసుక్కున్నాడు. చివరికి మరొక రోగిని ముందు తీసుకుంటానని, రెండున్నర దాటితే తాను వెళ్ళిపోతానని చెప్పాడు.

ఎస్తేరమ్మ మంచంమీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నది. సన్నని మనిషి. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏమైందే రూతూ, వాడు దిగిండా?"

"లేదొదినా. జర టైం పడ్తదంట."

"ఎవరన్నరు? ఈ సారేనా?" అని నావైపు తిరిగింది. "మీరేనా చేతితోని లెక్కలు చేసే పంతులుగారు? యాడుంది కాయితం? చూపియ్యుండ్రి."

ఎడమ జేబులోని కాగితం తీసి ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో పంక్తి పంక్తీ చూసింది. తరగతిలో పలకలు దిద్దే పద్ధతిలో.

"సగం ఇంత, రెట్టింపు ఇంత. గుణకారం మంచిగనే ఉంది. ఈ నడిమి లైను ఎట్లొచ్చిందో నాకు సమజ్ కాలే."

"నాకూ కాలేదమ్మా" అన్నాను.

ఆ మాట కూడా నేనే అన్నాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం పరకాయించి చూసింది. "సరే. రెండు పన్నెండుదాంక చూస్త" అని కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది.

రెండు గంటల పన్నెండు నిమిషాలయింది. ఫోను మోగలేదు. పదిహేను అయింది. రూతు గోడ గడియారాన్ని చూస్తున్నది. నేను నేలను చూస్తున్నాను. ఇరవై ఒకటికి మోగింది.

అధికారి మాటలు రూతు గట్టిగా తిరిగి చెబుతూ వింటున్నది. విమానం దిగింది. అందరూ క్షేమం. అయితే గమ్యంలో కాదు, బయలుదేరిన చోటనే. ఎదుట మబ్బు గోడలా లేచి మంచునేలకూ ఆకాశానికీ తేడా తెలియకపోతే, పైలట్ విమానాన్ని వెనక్కు తిప్పాడు. రేడియో మూగబోయినందువల్ల ఎవరికీ చెప్పలేకపోయాడు.

"ఎన్ని గంటలకు దిగారో అడుగు" అన్నాను.

అడిగింది. రెండూ పన్నెండు.

ఎస్తేరమ్మకు చెబితే, "పోయే కాడికి పోలేదా? తిరిగి మొదటికే వచ్చిండా? చిన్నప్పుడు బడికి తోలిస్తె సుత గిట్లనే చేసేటోడు" అని నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. నాలుగు గంటలు పట్టింది. బతికింది.

నెల తిరగకముందే సామ్యూల్ వచ్చాడు. అమీర్‌పేటలో మా ఆఫీసుకు మిఠాయితో వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. విమానం ఎక్కడ వెనక్కు తిరిగిందని అడిగాను. "ఇంక నాలుగొందల కిలోమీటర్లు ఉందనంగ తిప్పిండు సార్. పైలట్ పక్కనే కూసున్న, మీటర్ చూసిన" అన్నాడు. పద్నాలుగు వందల నలభైలో నాలుగు వందలు తీసివేస్తే వెయ్యిన్నీ నలభై. వెళ్ళినంత దూరం తిరిగి వచ్చారు. రెట్టింపు రెండువేల ఎనభై. విమానం వెనక్కు తిరిగిన వేళ మన గడియారంలో పదకొండూ ముప్పైయారు. నా కాగితం మీద వెంకట్ సంతకం పదీ పదికి. తిప్పాలన్న ఆలోచన పైలట్‌కే ఇంకా పుట్టని వేళ.

రూతు వెళ్ళే చర్చిలో ఇది ప్రవచనమన్నారు. మా తమ్ముడు మా తండ్రిగారి ఉపాసనాబలమన్నాడు. వెంకట్ కాకతాళీయమన్నాడు గాని, ఉజ్జయిని మాట ఆనాటినుంచి ఎత్తలేదు. ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పాను: ప్రవచనమైతే నాకు వినబడేది. ఉపాసన నేను చేయలేదు. కాకతాళీయమైతే, కాకి వాలడం సరే, తాటిపండు రాలడమూ సరే, ఆ చెట్టు కింద నేనెందుకు నిలబడ్డానో చెప్పండి.

ఎస్తేరమ్మ దిండు కిందనుంచి తిరిగి తెచ్చుకున్న ఆ కాగితాన్ని గణితం బోధించే ఒక మిత్రునికి చూపాను. నడిమి పంక్తి, దానికి ముందున్న పంక్తినుంచి రాదు. ఏ తప్పు చేస్తే వస్తుందో కూడా అతనికి అంతుబట్టలేదు. మామూలుగా తప్పుకు ఒక దారి ఉంటుంది. అంకె తారుమారవుతుంది, పట్టికలో పక్క గడి చదువుతాము. దీనికి ఏ దారీ లేదన్నాడు.

రెండో కాగితం సంగతి ఇన్నేళ్ళూ రూతుకు చెప్పలేదు. నా లెక్కమీద నమ్మకంతోనే ఆనాడు నేను అంత గట్టిగా నిలబడ్డానని ఆమె నేటికీ అనుకుంటున్నది. కాదమ్మా. నీకు ఆ మాట చెప్పే సమయానికి నా లెక్క తప్పని నాకు తెలుసు. ఇది చదివి నీకు కోపం వస్తే రానీ.

ఎస్తేరమ్మకు మాత్రం చెప్పాను. ఆపరేషను తర్వాత ఆవిడ మరో తొమ్మిదేళ్ళు ఉన్నది. ఒకనాడు వాళ్ళింట్లో టీ తాగుతూ, రెండు జేబుల సంగతీ పూర్తిగా విప్పి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కప్పు కింద పెట్టి, "అట్లెట్ల పంతులుగారూ? అబద్ధం చెప్పే చేతులను నలభై ఏండ్లు బడిల చూసిన నేను. కాయితం అందుకునేటప్పుడు మొదలు మీ చేతులనే చూసిన. జర సుత వణకలే" అన్నది.

నిజమే, వణకలేదు. ఎందుకు వణకలేదో ఆవిడకు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకూ చెప్పలేను.